ఊపరు

గ్యాసు బండ కొత్త చిరునామాకు మార్పించాలి.
కరెంటు మీటరు పేరు మార్పించాలి.
వంటింటి కుళాయికి వాషరు వేయించాలి.
అత్తయ్య కంటి చుక్కలు తేవాలి.
ముందుగది కిటికీకి తెర కుట్టించాలి.
ఆయన ఫోను నంబరు ఆపించాలి.
ఆయన చెప్పులు.
ఊఫర్ బిగించాలి.

ఇల్లు మారిన మర్నాడు కోడలు ఒక ఆఫీసు కాగితం వెనక రాసుకున్న జాబితా ఇది. శనివారం పొద్దుటికి మొదటి అయిదూ అయ్యాయి. ఆరోదాన్నీ ఏడోదాన్నీ చూసీ చూడనట్టు దాటేసింది. ఎనిమిదోదాని మీద వేలు ఆగింది.

జాబితా లేనిదే ఆమెకు కాలూ చెయ్యీ ఆడవు. వాళ్ల వంశంలో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమె. నీటి సరఫరా ఆఫీసులో పాత దస్త్రాలకు నంబర్లు వేసి అరల్లో సర్దే ఉద్యోగం. ఉండవలసిన కాగితం ఉండవలసిన చోట ఉంటే లోకం దాని దారిన అది నడుస్తుందని నమ్మే మనిషి. మూడు నెలల కిందట భర్త బస్టాపులో నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. ఆ రోజు కూడా ఆసుపత్రి వరండాలో కూర్చుని ఎవరెవరికి కబురు చెయ్యాలో జాబితా రాసింది. చూసినవాళ్లు రాతిగుండె అన్నారు. రాయి అయితే కనీసం బరువుండేది. ఆమెకు ఆ బరువు కూడా తెలియలేదు. చెయ్యి మీద పడుకుని లేచినప్పుడు ఆ చెయ్యి మనది కానట్టు ఉంటుందే, ఒళ్లంతా అలా ఉండిపోయింది.

అతను లిఫ్టులు బాగుచేసేవాడు. కంపెనీ ఇచ్చిన ఇల్లు కంపెనీకి అప్పగించి, అత్తాకోడళ్లిద్దరూ రెండో అంతస్తులో ఈ రెండు గదుల్లోకి వచ్చిపడ్డారు.

అత్తగారు ఇరవై ఎనిమిదేళ్లు మరమగ్గాల షెడ్డులో పనిచేసిన మనిషి. నూరు మగ్గాలు ఒక్కసారిగా దడదడలాడే ఆ షెడ్డుకే చెవులు రెండూ రాసిచ్చి, ఖాళీ తలకాయతో బయటికొచ్చానని ఆవిడే అంటుంది. పెదాలు చూసి మాట పట్టేస్తుంది. తన గొంతు తనకు వినబడదు కనుక ఆవిడ గుసగుస వీధి మలుపు దాకా వెళ్లొస్తుంది. షెడ్డులో అందరూ మేస్త్రమ్మ అనేవారు. కోడల్ని మాత్రం ఆవిడ డిగ్రీ అని పిలుస్తుంది. కోపమొస్తే "ఏమే డిగ్రీ". ముద్దొస్తే "అమ్మా డిగ్రీ".

కొత్త ఇంట్లో నాలుగు రోజులుగా ఏ పిలుపూ లేదు. పాత ఇంట్లో సాయంత్రమైతే సినిమా పెట్టించుకుని కుర్చీలో మహారాణిలా కూర్చునేది. ఇక్కడ టీవీకి వీపు పెట్టి, మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్లీ మడతపెడుతూ కూర్చుంటోంది. బుధవారం నాడు మాత్రం కోడలి భుజం తట్టి, "పెద్దదానికి మెసేజి కొట్టు. వచ్చి నన్ను తీసుకుపొమ్మను," అంది.

కోడలు ఆ మాటే కొట్టింది. తప్పుల్లేకుండా కొట్టింది. ఆదివారం వస్తానని ఆడపడుచు జవాబిచ్చింది.

కోడలికి పుట్టింటి తలుపు ఏనాడో మూసుకుపోయింది. ఈవిడ కూడా వెళ్లిపోతే ఆ రెండు గదుల్లో తనూ తన జాబితాలే. ఉండండి అత్తయ్యా అనడానికి రెండంటే రెండు మాటలు. కానీ అత్తగారితో ఏదైనా చెప్పాలంటే ఎదురుగా నిలబడి, ముఖం చూపించి, పెదాలు స్పష్టంగా కదపాలి. ఆ ముఖం ఆమె దగ్గర లేదు. అందుకని ఊఫర్ పని పట్టుకుంది. అది పలికితే పాత ఇంట్లోలాగే సినిమా నడుస్తుంది, సినిమా నడిస్తే ఆవిడ టీవీ వైపు తిరుగుతుంది, తిరిగిన మనిషి ఆగిపోయినా ఆగిపోవచ్చు. ఆమె లెక్క అంతే.

ఊఫర్ అంటే మోకాలెత్తు నల్లపెట్టె. సినిమాలో మాటలూ పాటలూ చిన్న స్పీకర్లు చూసుకుంటాయి. ఉరుము, రైలు, కూలే గోడ, అలాంటి లోతు చప్పుళ్లన్నీ దీని వంతు. భర్త దాన్ని తెచ్చిన రోజున "ఊఫర్ అమ్మా" అంటే అత్తగారు అతని పెదాలు చూసి, "ఊపరా? ఊపేది కాబట్టి ఊపరన్నమాట. సరిగ్గానే పెట్టారు పేరు," అంది. అందరికంటే ఎక్కువ నవ్వింది కోడలే. తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో అది ఊపరే.

కోడలు దానితోపాటు వచ్చిన పుస్తకం తీసింది. పుస్తకంలో ఏముంటే అది చేసే మనిషి. ముందు ప్లగ్గు ఊడదీసింది. నల్లగుడ్డ మూత తీసి, లోపలి కాగితపు గిన్నె మీది దుమ్మును మెత్తటి కుంచెతో దులిపింది. గిన్నె చుట్టూ ఉన్న స్క్రూలను ఒకదాని తరవాత దాని ఎదుటిదాన్ని, కొంచెం కొంచెంగా బిగించింది. వెనక గాలి రంధ్రంలో సాలీడు కట్టుకున్న ఇల్లు తీసేసింది. పెట్టె అడుగున కాళ్లు లేవు, నాలుగు చిల్లులు మాత్రం ఉన్నాయి. "నేల అదరకుండా మెత్తని దిండ్లు వాడండి" అని పుస్తకం చెప్పింది కనుక, ముందురోజే తెచ్చిన రబ్బరు దిండ్లు నాలుగూ మూలల కింద పెట్టింది. తీగ కలిపి ఆన్ చేస్తే గుయ్‌మని ఒకటే ఏడుపు. ఫ్రిజ్జు ప్లగ్గు పక్కన పెట్టొద్దని పుస్తకంలో ఉంది. టీవీ బోర్డుకే మార్చింది. ఏడుపు ఆగింది.

తరవాతది చోటు వెతకడం. పుస్తకం చెప్పిన పద్ధతి విచిత్రంగా ఉంది. మనిషి కూర్చునే కుర్చీలో పెట్టెను కూర్చోబెట్టాలి. మనిషేమో నేలమీద గోడల వెంట పాకుతూ, ఎక్కడ చప్పుడు నిండుగా వినబడుతుందో అక్కడ గుర్తు పెట్టుకోవాలి. ఆ చోటే పెట్టెకు తగిన చోటు. కోడలు చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని మోకాళ్ల మీద పాకడం మొదలుపెట్టింది. సినిమాలో రైలు వంతెన మీద పోతోంది. తలుపు దగ్గర డొల్లగా, బీరువా దగ్గర గోలగా ఉంది.

స్నానం చేసి వచ్చిన అత్తగారు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏం పోయిందే? చెవి కమ్మా?"

కోడలు తలెత్తి, "చోటు వెతుకుతున్నా అత్తయ్యా," అంది.

"నా కుర్చీలో దాన్ని కూర్చోబెట్టి నువ్వు నేలమీద పాకుతున్నావు. ఈ ఇంట్లో పెద్దరికం దానికిచ్చావా ఏమిటి?"

నాలుగు రోజుల తరవాత ఆవిడ నోట వచ్చిన మొదటి ఎకసెక్కం. కోడలు నవ్వాలి. నవ్వాలని తెలిసింది కూడా. తెలిసేలోపు సందర్భం దాటిపోయింది.

కిటికీ కింద, సోఫా వెనక చప్పుడు గుండ్రంగా, నిండుగా వినబడింది. పెట్టెను అక్కడికి జరిపింది. కుర్చీ తుడిచి అత్తగారిని కూర్చోబెట్టి రైలు మళ్లీ నడిపించింది. గది గదంతా రైలుతో నిండిపోయింది. పుస్తకం రాసినవాడు ఉంటే భుజం తట్టేవాడు.

అత్తగారు పాదాలు రెండూ నేలకు ఆనించి, కళ్లు మూసుకుని, కాసేపు చూసింది.

"ఆన్ చెయ్యలేదా?"

"చేశాను అత్తయ్యా."

"లేదు."

కోడలు మీట తిప్పింది. ఇంకా తిప్పింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

"చచ్చిపోయింది అది," అంది అత్తగారు. నేలమీద పాదాలు అటూ ఇటూ జరిపి, "చెవిటిదాని ముందు శంఖం ఊదుతున్నావే నువ్వు," అంది.

కోడలు పెట్టెను గదిమూలకు లాగి, రబ్బరు దిండ్లు పీకేసి, మీట చివరికంటా తిప్పింది. ఈసారి రైలు వచ్చిందో లేదో గానీ, మెట్ల మీద చెప్పుల చప్పుడు టపటపా వచ్చింది. కింది ఇంటాయన. చేతిలో కళ్లజోడు.

"అమ్మా, ఏమీ అనుకోకండి. పైన రుబ్బురోలు దొర్లిస్తున్నారా?"

"కాదు బాబాయిగారూ, సినిమా."

"సినిమానా! మా గూట్లో గ్లాసులు ఒకదాని వెంట ఒకటి నడిచి చివరికొచ్చాయి. ఒకటి దూకేసింది కూడాను. నేను భూకంపమనుకుని మా ఆవిణ్ణి బల్లకిందికి దూర్చాను. ఇప్పుడావిడ బయటికి రానంటోంది, నా మీద కోపంతో."

"తప్పయిపోయింది. తగ్గిస్తాను."

"తగ్గించండి తల్లీ. ఆవిడ బయటికొస్తేగానీ నాకు టీ లేదు."

ఆయన వెళ్లిపోయాడు. కోడలు పెట్టె ఆపేసి వెనక్కి తిరిగేసరికి అత్తగారు పెట్టెను పక్కకు ఒరగబెట్టి, అడుగు భాగాన్ని అరచేత్తో తడుముతోంది. నాలుగు చిల్లుల మీదా వేలు పెట్టి చూసింది.

"చెక్క ఏదే?"

"ఏ చెక్క?"

"దీనికింద ఉండే చెక్క. వాడు దీనికి బిగించిన చెక్క. నేను కాళ్లు పెట్టుకునేదాన్నే దానిమీద."

కోడలికి అప్పుడు తెలిసింది. పాత ఇంట్లో పెట్టె కింద వెడల్పాటి చెక్క ఒకటుండేది. పెట్టె ఒక కొసన, రెండో కొస అత్తగారి కుర్చీ ముందు. రోజూ ఇల్లు తుడిచేది కోడలే కనుక, పెట్టెకు తడి తగలకుండా వేసిన పీట అనుకుంది. ఎందుకండీ ఇది, కాలికి తగులుతోంది, అని ఒకసారి అడిగితే, "ఉండనీ," అన్నాడు అతను. అంతకంటే మాటలు ఖర్చుపెట్టే మనిషి కాదు. సాయంత్రాలు ఆమె వంటింట్లో ఉండేది. అత్తగారు సినిమాను కళ్లతో చూస్తుందనే అనుకుంది గానీ, ఆ చెక్క మీద పాదాలతో వింటోందని ఆమెకు తట్టలేదు. అందరూ నవ్వుకున్న ఆ తప్పుమాటే ఒప్పుమాట. వినేవాళ్లకు అది ఊఫర్. ఆవిడకు ఊపరే.

ఇల్లు మారే రోజున సామానువాళ్లు పెట్టెను విడదీసి, చెక్క చేత్తో పట్టుకుని, "ఇది కూడా ఎక్కించమంటారా అమ్మా?" అని అడిగారు. ఆమె సామాను జాబితా చూసుకుంది. చెక్క అని ఎక్కడా లేదు. "వద్దు, పారేయండి," అంది.

అత్తగారు ఆమె పెదాలకేసి చూస్తోంది.

"పారేశాను అత్తయ్యా," అంది కోడలు. ముఖం తిప్పుకోకుండా, స్పష్టంగానే అంది.

అత్తగారు తిట్టలేదు. తిడితే బాగుండేది. పెట్టెను నిదానంగా నిలబెట్టి, చేతులు చీరకు తుడుచుకుని, "పెద్దది రేపు ఎన్నింటికి వస్తానంది?" అంది.

"పదకొండింటికి."

"సరే." లోపలికెళ్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

కోడలు ముందుగదిలో చాలాసేపు నిలబడింది. కన్నీళ్లు వస్తాయేమోనని కాసేపు చూసింది. రాలేదు. పని మాత్రం కనబడింది. తన గదిలోకి వెళ్లి, పెద్దమంచం మీది పరుపును ఒక పక్కకు మడిచింది. మంచం మధ్యలో పట్టీ ఉంటుంది, ఆ పక్క చెక్కలు వేరు, ఈ పక్క చెక్కలు వేరు. తన పక్కవి వదిలేసి, అతను పడుకునే పక్కవి మూడు చెక్కలు బయటికి లాగింది. ఒక్కోటి రెండు మూరలకు కాస్త తక్కువ. అతని పనిసంచీలోంచి సుత్తీ స్క్రూడ్రైవరూ తీసింది. మూడింటినీ పక్కపక్కన పేర్చి, అడుగున అడ్డంగా రెండు పట్టీలు వేసి మేకులు కొట్టింది. ఒక కొసన పెట్టె అడుగు చిల్లులకు సరిపోయేలా నాలుగు బెజ్జాలు చేసి, కిందినుంచి స్క్రూలు ఎక్కించింది.

నాలుగో స్క్రూ దగ్గర ఆమె మీద నీడ పడింది. సుత్తిదెబ్బలు మంచం కోళ్లలోంచి తెలిసి ఉంటాయి, అత్తగారు లేచి వచ్చింది.

"ఎక్కడివే ఈ చెక్కలు?"

"మంచంవి."

"ఏ మంచం?"

"మాది. ఆ పక్క ఎవరూ పడుకోరుగా."

అత్తగారు ఒక్క క్షణం ఆమె పెదాల మీదే కళ్లు నిలిపింది, మాట సరిగ్గా పట్టానా లేదా అన్నట్టు. తరవాత కూలబడినట్టు నేలమీద కూర్చుని, చెక్కమీద అరచెయ్యి వేసింది. షెడ్డులో ఏ మగ్గం పాడైనా ఆవిడ అలాగే పట్టుకునేదట. ఆ రొదలో చెవి దేనికీ పనికిరాదు, అరచెయ్యీ అరికాలూ తప్ప.

"పెట్టు," అంది.

కోడలు రైలు నడిపించింది.

"ఈ మూల వదులుగా ఉంది. బిగించు. వదులు మర వాగుతుంది, బిగువు మర మాట్లాడుతుంది అనేవాళ్లం. ఇది వాగుతోంది."

బిగించింది.

"ఇంకొక చుట్టు. ఆఁ. ఇప్పుడు ఆ దిండ్లు తే."

"అవి పెడితే అదరదు కదా అత్తయ్యా?"

"నీ పుస్తకం నిజమే చెప్పింది, నువ్వే తప్పు చోట పెట్టావు. పెట్టెకూ చెక్కకూ మధ్య పెడితే నాకు రాదు. చెక్కకూ నేలకూ మధ్య పెడితే కిందివాళ్లకు పోదు. డిగ్రీలో చెప్పలేదా ఇది?"

చెప్పలేదు. కోడలు చెక్క ఎత్తి రబ్బరు దిండ్లు నాలుగూ దానికింద సర్దింది. అత్తగారు కుర్చీలో కూర్చుని పాదాలు చెక్కమీద ఆనించింది. ఇక మాటల్లేవు, షెడ్డు సైగలే. వేలు పైకి చూపిస్తే పెంచమని, అరచెయ్యి బోర్లిస్తే తగ్గించమని. కోడలు పెట్టె వెనక కూర్చుని మీటలు తిప్పింది. వెనకవైపు ఒక చిన్న మీట ఉంది, అటు నొక్కితే ఒకలా, ఇటు నొక్కితే ఒకలా. చిన్న స్పీకర్లూ ఇదీ ఒకే అడుగు వెయ్యడానికి అది. అటు నొక్కింది. అత్తగారు మూతి విరిచింది. ఇటు నొక్కింది. రెండు వేళ్లు పైకి లేచి నిలబడ్డాయి. షెడ్డులో దాని అర్థం, మగ్గం దారిన పడింది, ఇక ముట్టుకోకు.

పొద్దుట తిప్పినదాంట్లో సగం కూడా తిప్పలేదు. కోడలు మెట్లు దిగి కింది ఇంటాయన తలుపు కొట్టింది.

"ఇప్పుడెలా ఉంది బాబాయిగారూ?"

"ఎప్పుడు వేస్తారు?"

"వేసి పావుగంటయింది."

ఆయన గూట్లో గ్లాసుల వైపు చూశాడు. ఒక్కటీ కదలడంలేదు. "నడవడం మానేశాయి," అన్నాడు. లోపలినుంచి ఆడగొంతు, "నేను మాత్రం ఇంకా మాట్లాడటంలేదని చెప్పండి ఆయనతో," అంది.

పైకి వచ్చేసరికి సినిమా నడుస్తోంది. అత్తగారు టీవీకి ఎదురుగానే ఉంది. వంతెన మీదికి రైలు వచ్చినప్పుడల్లా ఆవిడ కాలివేళ్లు కొంచెం విచ్చుకుంటున్నాయి. కోడలు పక్కన నేలమీద కూర్చుని, తన పాదం ఒకటి చెక్క చివర పెట్టింది. సన్నగా, చీమలు నడిచినట్టు, ఏదో పైకి పాకింది. మోకాలి దాకా వచ్చి ఆగిపోయింది. అంతకంటే పైకి రాలేదు. ఆమె కాలు తియ్యకుండా అలాగే కూర్చుంది.

మర్నాడు పదకొండింటికి ఆడపడుచు వచ్చింది. కిందే టాక్సీ ఆపుకుని వచ్చింది. వస్తూనే తల్లి ముందు నిలబడి, "బట్టలు సర్దుకున్నావా అమ్మా?" అని పెదాలు సాగదీసి అడిగింది.

"ఎందుకూ?"

"ఎందుకేమిటి! తీసుకుపొమ్మని మెసేజి పెట్టించావుగా?"

"పెట్టించాను. అప్పుడు కాళ్లకింద ఏమీ లేదు."

ఆడపడుచుకు అర్థం కాలేదు. కోడలివైపు తిరిగి, "ఏమిటమ్మాయ్ ఈవిడ గోల? నువ్వేమైనా అన్నావా?" అంది.

"నేనేమీ అనలేదు వదినా," అంది కోడలు. అది నిజమే.

"దాన్నడుగుతావేం? నన్నడుగు," అంది అత్తగారు, వీధి వీధంతా వినేట్టు. "ఈ పిల్ల తన మంచం సగం ఊడబీకి నాకు పీట చేసింది. నేను నీతో వచ్చేస్తే ఆ పీట ఏం చేసుకుంటుంది? తిరిగి మంచానికి బిగించుకుంటుందా? ఆ పక్కన ఎవరిని పడుకోబెట్టడానికి? నేను రాను. నువ్వు టీ తాగి వెళ్లు."

ఆడపడుచు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలు టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. సంతోషించవలసిన సమయమిది అని ఆమెకు తెలుసు. తన లోపల అక్కడా ఇక్కడా వెతికింది. నీళ్లు మరిగాయి. మూడు గ్లాసులు కడిగి బోర్లించింది. తరవాత గుమ్మంలోకి వచ్చి, అత్తగారికి ఎదురుగా నిలబడి, ముఖం ఆవిడ వైపు పెట్టి, "ఉండండి అత్తయ్యా," అంది.

"ఉంటాననే కదా అంటున్నాను. చెవుడు నీకా నాకా?" అంది అత్తగారు.

ఇప్పుడు ప్రతి శనివారం కోడలు పొడిగుడ్డతో పెట్టె తుడుస్తుంది. నాలుగు స్క్రూలూ బిగించి చూస్తుంది. ఉరుములు వస్తే ప్లగ్గు తీసేస్తుంది. సాయంత్రం ఇద్దరూ పాదాలు పెట్టుకుని కూర్చుంటారు. తిండి సంగతి, కంటి చుక్కల సంగతి, కిందింటి దంపతుల అలకల సంగతి, అన్నీ మాట్లాడుకుంటారు. అతని మాట మాత్రం ఎత్తరు. ఎత్తితే ఏమవుతుందో ఇద్దరికీ తెలియదు, తెలుసుకునే ఓపికా ఇంకా రాలేదు. ఏనాటికైనా వస్తుందేమో, చెప్పలేం.

అందాకా ఆ పని మీకు అప్పగిస్తున్నాను. లిఫ్టులు బాగుచేసే మనిషి ఒకడుండేవాడు. తల్లికి వినబడదని ఏనాడూ గొంతు పెంచి అరిచినవాడు కాదు. చేసినదేదీ చేశానని చెప్పుకోలేదు. అతన్ని ఒక్కసారి గుర్తు చేసుకోండి.